డ్రైవర్ కోడ్‌లో స్ట్రింగ్ కాపీ: పాత ఫంక్షన్లను ఎందుకు, ఎలా మార్చాలి?

హైటెక్ సిటీ, గచ్చిబౌలి ఆఫీసుల్లో తయారయ్యేవి యాప్‌లు, వెబ్‌సైట్లే కాదు. మైక్రోసాఫ్ట్ 1998లో హైదరాబాద్‌లో తన ఇండియా డెవలప్‌మెంట్ సెంటర్ ప్రారంభించింది. చిప్‌లు రూపొందించే క్వాల్‌కామ్, ఏఎండీలకూ ఇక్కడ కేంద్రాలున్నాయి. ఇలాంటి కంపెనీలకు డ్రైవర్లు లేనిదే పని నడవదు. వైఫై, కెమెరా, ప్రింటర్ లాంటి పరికరాన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌తో మాట్లాడించే ప్రోగ్రామే డ్రైవర్. చాలా డ్రైవర్లు సీ భాషలో ఉంటాయి, కెర్నెల్‌లోనే నడుస్తాయి. అందుకే అందులో చిన్న తప్పు జరిగినా మొత్తం సిస్టమ్ ఆగిపోవచ్చు, లేదా హ్యాకర్ చేతికి చిక్కవచ్చు.

ప్రమాదం ఎక్కడ?

ఫారంలో పేరుకు 16 గళ్లే ఉన్నాయనుకుందాం. ‘మహమ్మద్’తో మొదలయ్యే పొడవైన పేరు రాస్తే పక్క గళ్లలోకి పోతుంది. సీ భాషలోని స్టర్‌కాపీ ఫంక్షన్ చేసేది ఇదే. చోటు ఎంతుందో చూడదు, పక్కనున్న మెమరీ మీద రాసేస్తుంది. దీన్నే బఫర్ ఓవర్‌ఫ్లో అంటారు. 1988 నవంబర్‌లో ఇంటర్నెట్‌ను కుదిపేసిన మోరిస్ వర్మ్ వాడుకున్న లోపాల్లో ఒకటి ఈ రకందే. అయితే అది డ్రైవర్‌లోది కాదు, ఒక నెట్‌వర్క్ ప్రోగ్రామ్‌లోది.

ఒక్కో మందుకు ఒక్కో చిక్కు

స్టర్‌ఎన్‌కాపీ హద్దు దాటదు. కానీ పేరు పొడవైతే చివర ఉండాల్సిన సున్నా గుర్తు పెట్టదు. అప్పుడు చదివే కోడ్ హద్దు దాటిపోతుంది. స్టర్‌ఎల్‌కాపీ ఆ గుర్తు పెడుతుంది గానీ, మూలాన్ని చివరిదాకా చదువుతుంది. మూలంలోనే ఆ గుర్తు లేకపోతే మళ్లీ ప్రమాదమే. అందుకే లైనక్స్ కెర్నెల్‌లోకి 2015లో స్టర్‌ఎస్‌కాపీ వచ్చింది. ఇది హద్దులో ఆగుతుంది, గుర్తు పెడుతుంది, పేరు పట్టకపోతే ఎర్రర్ కోడ్ ఇస్తుంది. 2024లో వచ్చిన 6.8 వెర్షన్‌లో స్టర్‌ఎల్‌కాపీని పూర్తిగా తీసేశారు. విండోస్ డ్రైవర్లకు మైక్రోసాఫ్ట్ ఎన్‌టీస్టర్‌సేఫ్ పేరుతో సురక్షిత ఫంక్షన్లు ఇస్తోంది.

పేరు మారిస్తే చాలదు

పాత పేరు తీసి కొత్త పేరు పెట్టేస్తే పని అయిపోదు. స్టర్‌ఎన్‌కాపీ మిగిలిన చోటంతా సున్నాలతో నింపుతుంది, స్టర్‌ఎస్‌కాపీ ఆ పని చేయదు. ఆ బఫర్ యూజర్ ప్రోగ్రామ్‌కు వెళ్లేదైతే, అందులో మిగిలిన పాత కెర్నెల్ సమాచారం బయటపడొచ్చు. అక్కడ సున్నాలు నింపే స్టర్‌ఎస్‌కాపీ ప్యాడ్ వాడాలి. హార్డ్‌వేర్‌కు పంపే కొన్ని ఫీల్డుల్లో చివరి గుర్తు అసలు ఉండకూడదు. వాటికి వేరే ఫంక్షన్లున్నాయి. పేరు సగంలో తెగిపోతే ఏం చేయాలో కూడా కోడ్‌లోనే రాయాలి. ఎర్రర్ వచ్చినా పట్టించుకోకపోతే తప్పుడు పేరుతోనే పని సాగిపోతుంది.

లైనక్స్ కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది. మన ఇంజినీరింగ్ విద్యార్థులు కూడా ఇలాంటి సవరణలు పంపవచ్చు. అయితే ముందు ఆ పాత లైను ఏ ఉద్దేశంతో రాశారో అర్థం చేసుకోవాలి. ఆ తర్వాతే దాన్ని మార్చాలి.