కొలువు కింది నేల: నెల్లూరు తీరంలో చిట్టి రణరంగాల సరంజామా

బొమ్మల కొలువు ప్రస్తావన వచ్చినప్పుడల్లా బొమ్మల సంగతే ముందుకు వస్తుంది గాని, ఆ బొమ్మలు నిలబడే నేల, వాటి వెనుక లేచే కొండ, పక్కన మెరిసే చెరువు వేటితో తయారయ్యాయన్నది ఎవరి దృష్టికీ అంతగా ఆనదు. కొండపల్లి బొమ్మనో తిరుపతి కొయ్యబొమ్మనో డబ్బు పెట్టి కొనుక్కోవాలి. నేలను మాత్రం ఇంటివారే, చుట్టూ ఉన్న పొలమూ చెరువూ సముద్రమూ విడిచిపెట్టిన వాటితో కూర్చుకోవాలి. అందువల్ల నెల్లూరు తీరంలో ఈ చిట్టి నేలల సరంజామా చరిత్ర, ఆ తీరం ఏ కాలంలో ఏం పండించింది, ఏం తవ్వింది, చివరికి ఏం పారేసింది అన్న చరిత్రతో పెనవేసుకొని ఉంటుంది.

చిన్న బొమ్మలతో యుద్ధాన్ని కళ్ళకు కట్టడం తెలుగువారికి పరాయి విద్య కాదు. 13వ శతాబ్దంలో నెల్లూరును ఏలిన మనుమసిద్ధికీ, పశువుల మందలను తోలుకొని అతని బీళ్ళకు వచ్చిన కాటమరాజుకూ పుల్లరి విషయంలో, అంటే పశువుల మేతకు చెల్లించవలసిన పన్ను విషయంలో, తగవు పుట్టి, అది పాలేటి ఒడ్డున యుద్ధంగా ముదిరిందనీ, కవి తిక్కనకు దాయాది అయిన ఖడ్గతిక్కన అందులో ప్రాణం విడిచాడనీ కాటమరాజు కథ చెబుతుంది. ఈ కథను తెలంగాణలో మందహెచ్చులవారు, అంటే యాదవులను ఆశ్రయించి బతికే కథకులు, రంగులద్దిన బొమ్మలను ఎదుట నిలిపి పాడతారు. ఆ బొమ్మలను చేర్యాల నకాషీ చిత్రకారులు చేస్తారు. తేలికైన పొనికి కొయ్యను చెక్కి, చింతగింజల పిండిని ఉడికించిన జిగురులో రంపపు పొట్టును కలిపి ముద్ద చేసి, దానితో ముక్కూ చెవీ ఆభరణాలూ తీర్చి, ఆరిన తరువాత సుద్ద పూసి రంగులు వేస్తారు. కొయ్య ఒక్కటే అడవి నుంచి రావాలి. చింతగింజ వంటింట్లో తీసిపారేసేది, పొట్టు వడ్రంగి ఊడ్చిపోసేది. నెల్లూరు రాజు పోరాడిన యుద్ధం ఇలా నెల్లూరికి దూరాన, పారేసిన వస్తువులతో చేసిన వీరుల రూపంలో నిలిచి ఉండడం ఈ చరిత్రలో అన్నిటికన్నా హృద్యమైన సంగతి.

నేల విషయంలో మొదటి వస్తువు ఇసుకే. యూరప్‌లో నేటి యుద్ధక్రీడలకు మూలంగా చెప్పే ఆట కూడా ఇసుకతోనే మొదలైంది; ప్రష్యాలో రైస్విట్జ్ అనే అధికారి 1811 ప్రాంతంలో తడి ఇసుకలో కొండలూ లోయలూ తీర్చి సైనిక వ్యూహాలను వివరించేవాడు, అయితే రాజు దానిని చూడగోరినప్పుడు ఇసుక రాజుగారి కంటికి తగదని భావించి, 1812లో పలకలుగా మార్చుకోగల ప్లాస్టర్ నేలను ఖరీదైన బల్ల మీద అమర్చి సమర్పించాడు. ఇంగ్లండులో 1913లో వెలువడిన ఎచ్.జి. వెల్స్ బొమ్మ సిపాయిల ఆట పుస్తకం 'లిటిల్ వార్స్' మళ్ళీ చెక్కముక్కలకూ తోటలో విరిచిన కొమ్మలకూ దిగివచ్చింది. పెన్నా ఇసుక, సముద్రపు ఇసుక, కోట–చిల్లకూరు ప్రాంతపు తెల్లని సిలికా ఇసుక మూడూ దొరికే నెల్లూరు తీరంలో ఇసుకకు లోటు లేదు గాని, బరువే దాని దోషం. ఘనపు అడుగు ఇసుక దాదాపు 45 కిలోలు తూగుతుంది. కృష్ణదేవరాయలు 1513లో ముట్టడి మొదలుపెట్టి సుమారు ఏడాదిన్నరకు గజపతి రాజుల నుంచి గెలుచుకొన్న ఉదయగిరి దుర్గాన్ని తీసుకుంటే, సముద్రమట్టానికి 3,079 అడుగుల ఎత్తున్న ఆ కొండ వెయ్యోవంతు కొలతలో కూడా మూడడుగులు అవుతుంది; దానిని ఇసుకతో పోస్తే ఏ బల్లా మోయలేదు.

ఈ చిక్కుకు పరిష్కారం వరి ఊక. మొలగొలుకులు అనే వరి పండించిన ఈ సీమలో ధాన్యం దంచిన చోటల్లా, తరువాత మిల్లులు వెలసిన చోటల్లా ఊక గుట్టలుగా పేరుకొనేది. అదే ఘనపు అడుగు ఊక నాలుగైదు కిలోలకు మించదు. గోనెసంచిలో ఊక కూరి, పైన గంజిలో ముంచిన పాతగుడ్డ కప్పి, చెరువు మట్టి మెత్తితే కొండ నిలుస్తుంది. నెల్లూరు తీరానికి ప్రధానమైన వాన ఈశాన్య రుతుపవనాలదే కనుక, దసరా నాటికి చాలా చెరువులు ఇంకా నిండక, ఒండ్రుమట్టి చేతికందే స్థితిలోనే ఉంటాయి. ఈ అనుకూలత ఎవరూ ఏర్పాటు చేసినది కాకపోయినా, దసరా కొలువు కట్టేవారికి మాత్రం కలిసివచ్చింది. నాలుగు రోజుల ముందు చల్లిన రాగులూ ఆవాలూ మెంతులూ పండుగనాటికి మొలకెత్తి పైరు అవుతాయి, అద్దం ముక్క చెరువవుతుంది. ఇళ్ళకూ బండ్లకూ బెండు ఉండేది. జొన్న చొప్ప లోపలి తెల్లని గుజ్జునూ, పెళ్ళిళ్ళలో భాసికాలకు వాడే జీలుగు కాడ గుజ్జునూ బెండు అంటారు. కొబ్బరి ఈనెపుల్లలతో గుచ్చి దీనితో ఎద్దుబండి చేయడం పల్లె పిల్లలందరికీ వచ్చిన విద్యే. పులికాట్ సరస్సు గవ్వలనూ నత్తగుల్లలనూ కాల్చి తీసిన గుల్లసున్నం గోడలకు తెలుపునిచ్చేది.

చెట్ల విషయంలో ఈ తీరానికి ఒక కొత్త వరం 19వ శతాబ్దం రెండవ సగంలో వచ్చింది. రైలింజన్లకు కట్టెల కోసం ప్రభుత్వం తీరపు ఇసుకనేలల్లో సరుగుడు తోటలు వేయించింది. ఆ కట్టె బకింగ్‌హాం కాలువలో పడవల మీద చెన్నపట్నానికి పోయేది. కట్టె పట్నానికి పోగా తోటలో మిగిలేది సన్నని కణుపుల ఆకు, వేలి కొనంత ముళ్ళకాయ. ఆకును కత్తిరించి చల్లితే ఎండుగడ్డి, కట్టలు కట్టి పేర్చితే పూరికప్పు. కాయను తలకిందులుగా ఈనె మీద నిలిపితే గుబురు చెట్టు. అంతకుముందు ఈ పనులకు తాటాకు చీలికలే ఆధారం.

అన్నిటికన్నా విచిత్రమైన వస్తువు అభ్రకం. కాకిబంగారం అని తెలుగులో పేరున్న ఈ ఖనిజం పొరలు పొరలుగా విడిపోతుంది, వెలుతురును లోపలికి రానిస్తుంది, నిప్పుకు కాలదు. గూడూరు, సైదాపురం పరిసరాల్లో 19వ శతాబ్దం చివరి దశకాలలో గనులు పుట్టుకొచ్చాయి. లేతాకుపచ్చ ఛాయ గల నెల్లూరు అభ్రకం విద్యుత్ పరికరాలలో కరెంటును అడ్డుకొనే రేకుగా విదేశాలకు ఎగుమతి అయింది. అయితే తవ్వి తీసిన దానిలో పెద్ద రేకులుగా పనికివచ్చేది స్వల్పమే. మచ్చపడ్డవీ, చిరిగినవీ, కత్తిరింపులో రాలినవీ గనుల పక్కన తుక్కుగుట్టలై మిగిలేవి. చిట్టి నేల కట్టేవారి లెక్క వ్యాపారి లెక్కకు సరిగ్గా తలకిందులు. పరిశ్రమకు పనికిరాని మచ్చల రేకు మేడ కిటికీకి అద్దమవుతుంది. పలుచని పొరలను ఒండ్రు మీద అతికితే నీరెండిన చెరువు అంచు తడి మెరుపు వస్తుంది. పొడి చేసి సున్నంలో కలిపితే గోడకు తళుకు పుడుతుంది. అభ్రకానికి బదులుగా ఇతర పదార్థాలు వాడుకలోకి రావడంతో 20వ శతాబ్దం గడిచేకొద్దీ గనులు క్షీణించాయి గాని, ఆ ప్రాంతపు మట్టిబాటల మీద రేకులు ఎండకు ఇంకా మెరుస్తూనే ఉంటాయి.

బెండు స్థానాన్ని తరువాతి తరంలో థర్మోకోల్ ఆక్రమించింది. టీవీలకూ ఫ్రిజ్‌లకూ చుట్టి వచ్చే ఈ తెల్లని దిమ్మెలు పెట్టె విప్పగానే చెత్తగా మారతాయి కనుక ఖర్చు లేకుండా దొరుకుతాయి. కొలువు కొండలూ, క్రిస్మస్ నాటి పశువుల పాకలూ, బడిపిల్లలు చేసే కోటల నమూనాలూ వీటితోనే లేస్తున్నాయి. తేలికలోనూ కోతకు లొంగడంలోనూ అది బెండుకు సమానమే గాని, మట్టిలో కలిసిపోదన్నది చిన్న లోపం కాదు. దానికి మరొక బలహీనత కూడా ఉంది: ఎనామిల్ రంగును నేరుగా పూస్తే రంగులోని ద్రావకం దిమ్మెను తినేసి గుంతలు చేస్తుంది. అందుచేత పని తెలిసినవారు ముందుగా చింతగింజల జిగురులోనో గంజిలోనో తడిపిన పాత కాగితాన్ని దాని మీద పొరలుగా అతికి, పూర్తిగా ఆరనిచ్చి, సుద్ద పూసి, ఆ తరువాతనే రంగు చేపడతారు.