ఇరవై ఏడు పేజీలు, ఆరేళ్ల వ్యాజ్యం

సెప్టెంబరు 28 వస్తోందంటే సమాచార హక్కు మీద సభలు, పోస్టర్లు మామూలే. యునెస్కో 2015లో ఆ తేదీని ఖాయం చేయడం వెనుక ఆఫ్రికా పౌర సంఘాల పోరు ఉందన్న సంగతి మాత్రం ఎవరికీ పెద్దగా గుర్తుండదు. 2011లోనే కేప్‌టౌన్‌లో కూర్చుని వాళ్లు ఆ కోరికను ప్రకటనలో రాశారు.

ఆ ఖండంలో పాతకాలం కథ పొడవే గానీ కాగితాలు తక్కువ. మాలీ ప్రాంతంలో రాజవంశాల చరిత్ర 'జెలీ'లనే కథకుల నోట ఉండేది. తెల్లదొరలు వచ్చాక ఫైళ్లు వచ్చాయి, వాటితోపాటే తాళాలూ వచ్చాయి. మన నెత్తిన 1923లో అధికార రహస్యాల చట్టం పెట్టిన బ్రిటిష్‌వారే ఆఫ్రికాలోని తమ వలసలకూ ఆ బాపతు చట్టాలు అంటగట్టారు. స్వాతంత్ర్యం వచ్చినా చాలాచోట్ల అవి కదల్లేదు.

దక్షిణాఫ్రికాలో తాళంతో సరిపెట్టలేదు. వర్ణవివక్ష పాలన దిగిపోబోతుండగా, 1993లో, గూఢచారి సంస్థ 44 టన్నుల దాకా రికార్డులను కాల్చేసింది. ప్రిటోరియా ఉక్కు కర్మాగారం కొలిమి అందుకు పనికొచ్చింది! ఆ తర్వాతి రాజ్యాంగంలో సమాచార హక్కు చేరింది. 2000లో చట్టమూ వచ్చింది. మనదానికంటే అయిదేళ్లు పెద్దది. తన హక్కు కాపాడుకోవడానికి అవసరమైతే పౌరుడు ప్రైవేటు కంపెనీనీ నిలదీయవచ్చు.

ఆ చట్టానికి అసలు పరీక్ష పొరుగుదేశపు ఎన్నికతో ఎదురైంది. 2002 మార్చిలో జింబాబ్వే అధ్యక్ష పదవికి అప్పటికే గద్దె మీదున్న ముగాబే, ప్రతిపక్ష నేత ష్వాంగిరాయ్ తలపడ్డారు. దక్షిణాఫ్రికా అధ్యక్షుడు ఎంబెకీ ఇద్దరు న్యాయమూర్తులను, మొసెనెకెను, ఖంపెపెను, చూసి రమ్మని పంపాడు. వెళ్లారు, చూశారు, రాసిచ్చారు. నివేదిక బీరువాలోకి వెళ్లింది.

2008లో 'మెయిల్ అండ్ గార్డియన్' పత్రిక అది కావాలని అడిగింది. కుదరదన్నారు: పరాయి ప్రభుత్వం నమ్మకంతో చెప్పిన సంగతులున్నాయట! పత్రిక కోర్టుకెక్కింది. కింది కోర్టులో గెలిచింది, అప్పీలులోనూ గెలిచింది. 2011లో రాజ్యాంగ న్యాయస్థానం కేసును మళ్లీ మొదటికి పంపి, ఆ కాగితాన్ని ముందు జడ్జిగారే తెరిచి చూడాలంది. అప్పటికి నివేదిక రాసిన ఇద్దరూ ఆ న్యాయస్థానంలోనే న్యాయమూర్తులు. ఈ కేసు వినే ధర్మాసనంలో మాత్రం కూర్చోలేదు.

చివరికి 2014 నవంబరులో నివేదిక బయటపడింది. ఇరవై ఏడంటే ఇరవై ఏడే పేజీలు. ఆ ఎన్నిక స్వేచ్ఛగా, సజావుగా జరిగిందనడానికి వీల్లేదని అందులో ఉంది. అప్పటికి ఎంబెకీ గద్దె దిగి ఆరేళ్లయింది. ముగాబే మాత్రం కుర్చీలోనే ఉన్నాడు.

చిత్రమేమిటంటే, అదే 2002 మార్చిలో ముగాబే కూడా ఒక 'సమాచార లభ్యత' చట్టం మీద సంతకం పెట్టాడు. ఆ చట్టం కింద రిజిస్టరు కాలేదంటూ మరుసటేడు 'డెయిలీ న్యూస్' పత్రికను మూయించారు. ఆ చట్టం పోయి కొత్తది రావడానికి 2020 దాకా పట్టింది.

మిగతా ఆఫ్రికాలో కథ ఒక దారిన నడవదు. నైజీరియా 2011లో చట్టం తెచ్చి, ఏడు రోజుల్లో జవాబివ్వాలంది. కెన్యా 2010 రాజ్యాంగంలో హక్కు రాసుకుని, చట్టానికి 2016 దాకా ఆగింది. ఘనాలో 1999లో ముసాయిదా రాశారు. పార్లమెంటు దాన్ని ఆమోదించింది 2019 మార్చిలో.