తాగుడు లెక్క

మన తాగుడు లెక్క సర్కారు మొదట అడిగింది పన్ను కోసం. రంప కొండల్లో ఒకవైపు మన్సబుదారు కల్లు మీద చిగురుపన్ను గుంజాడు. మరోవైపు ఆబ్కారీ నిబంధనలు ఇంటికోసం గీసుకునే కల్లును కూడా ఆపి గుత్తేదార్ల చేతికిచ్చాయి. 1879 తిరుగుబాటుకు ఇదొక ముఖ్య కారణం. తాగుడు గురించి ఎవరడిగినా మన పెద్దలు ముందు ‘లేదు’ అనడం వెనక ఆ భయం ఇంకా ఉందని మేమనుకుంటాం.

ఆరోగ్యం కోసం అడగడం చాలా తర్వాతి మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు దేశాల్లో (మన దేశం అందులో లేదు) పరిశీలించి, 1989లో ‘ఆడిట్’ అనే పది ప్రశ్నల పట్టీ తెచ్చింది. మొత్తం 40 మార్కులు. 8 వచ్చినా, మించినా నర్సు కూర్చోబెట్టి మాట్లాడాలి, కాలేయం చెడకముందే.

మన గూడేల్లో ఆశా కార్యకర్త నింపే సీబాక్ పత్రంలో తాగుడుపై ఒకటే ప్రశ్న: రోజూ తాగుతారా? అదీ ముఖ్యంగా 30 ఏళ్లు నిండినవారికి. సంతరోజు మాత్రమే ఒళ్లు తెలియకుండా తాగేవాడు ‘లేదు’ అంటాడు, అబద్ధమూ కాదు. పాతికేళ్ల కుర్రాడు ఆ లెక్కలోకి రాకపోవచ్చు. ఆడిట్ మూడో ప్రశ్న పట్టుకునేది సరిగ్గా ఇలాంటివాళ్లనే: ఒక్కసారి కూర్చుంటే ఆరు కొలతలు, అంతకు మించి తాగేది ఎన్నిసార్లు?

కొలత అంటే 10 గ్రాముల ఆల్కహాలు. ఇప్పసారాలో, జీలుగుకల్లులో అది ఎన్ని డొప్పలో ముందు తేలాలి. ఆ పని డాక్టరు ఒక్కడి వల్ల కాదు; గీసేవాళ్లనీ కాచేవాళ్లనీ కూడా పక్కన కూర్చోబెట్టుకోవాలి.