కరవుకూలి – ప్రాంతభేదము

చెన్నపట్టణమున వాషర్‌మెన్‌పేట చెంత మణేగారు సత్రము కలదు. 1782 నాటి క్షామమున అన్నార్తులకు గంజి పోయుటకై ఏర్పడినందున దానికి గంజితొట్టి యను పేరు వచ్చినది.

1876–78 నాటి ధాత కరవున పల్లెజనము మరల పట్టణమునకు తరలివచ్చిరి. ప్రభుత్వము పనిలేనివారికై కరవుపనులు తెరచినది. అయితే కూలి కోరినవారి సంఖ్య అన్ని సీమలందును ఒక్కరీతి లేదు. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలలో జనము ఆ పనులకు వెల్లువవలె చేరిరి. గోదావరి, కృష్ణా డెల్టాలలోనో, 1852, 1855 సంవత్సరములలో ముగిసిన ఆనకట్టల నీటితో పంట పండినది. ధాన్యము ఇతర జిల్లాలకు సాగినది.

ఇంతమందికి సాయము అక్కరలేదని తలచి, 1877 జనవరిలో రిచర్డ్ టెంపుల్ దినకూలిని ఒక పౌను గింజలకును కొలది పైకమునకును తగ్గించెను. చెన్నరాజధాని ఆరోగ్యాధికారి కార్నిష్ దీనిని గట్టిగా ఎదిరించెను. కొన్ని నెలలకే కూలి పెంచవలసివచ్చినది.

దొరతనము ఒక్కటే, తప్పిన వానయు ఒక్కటే. సీమవారు చేయిచాచుటకు కారణము సోమరితనము కాదు, నీరు లేమియే. ఆనకట్ట గలచోట ధాన్యము కదలినది. లేనిచోట మనుష్యుడు కదలినాడు.