మేకు పీకొద్దు

వటవర్లపల్లి దాటి మన్ననూరు వైపు వస్తున్నారు. శ్రీశైలంలో దర్శనం బాగా జరిగింది. వెనక సీట్లో అత్తగారు, ఆవిడ ఒళ్లో ప్రసాదం సంచి, దాని మీద తల పెట్టి మీ పాప నిద్ర. సాయంత్రం 5:40. రెండు వైపులా నల్లమల. ఉన్నట్టుండి స్పీడోమీటరు పక్కన పసుపు గుర్తు వెలుగుతుంది. వెనక ఎడమ టైరులో గాలి 24. మీరు చూస్తుండగానే 22.

అడవిలో బండి ఆపొద్దని బోర్డులు చెప్తూనే ఉన్నాయి. ఇది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రి 9 గంటలకు గేట్లు వేస్తే మళ్లీ తీసేది ఉదయం 6కే. కానీ గాలి లేని టైరు మీద ఇంకో కిలోమీటరు లాగిస్తే రిమ్ము కింద రబ్బరు నలిగి పక్కలు చిరుగుతాయి, అప్పుడిక ఏ మందూ పనిచేయదు. మలుపు దాటి, వెనక నుంచి వచ్చేవాళ్లకు కనిపించే చోట చూసి ఆపుతారు. నాలుగు లైట్లూ టపటపా కొట్టుకుంటున్నాయి. కోతులు అప్పుడే చేరాయి.

“ఏమైంది బాబూ?”

“పంచరండీ. అద్దాలు ఎక్కించుకోండి, సంచి కోతుల కంటపడకుండా.”

డిక్కీ ఎత్తి, కింద పరిచిన అట్ట తీస్తారు. పాత కార్లో అయితే అక్కడో చక్రం ఉండేది. ఇక్కడ థర్మాకోల్ గూడు, అందులో చిల్లిని మూసే మందుతో అరలీటరు కూడా పట్టని తెల్లటి సీసా, అరచేతి వెడల్పు కంప్రెసరు. జాకీ లేదు, పానా కూడా లేదు. కంపెనీ మోసమేమీ కాదు. 2020 అక్టోబరు 1 నుంచి నిబంధనలే ఒప్పుకున్నాయి: డ్రైవరుతో కలిపి తొమ్మిది మందికి మించని, మూడున్నర టన్నుల లోపు బండికి ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే చెప్పే సెన్సార్లు, ఈ కిట్టు ఉంటే స్టెప్నీ అక్కర్లేదు. బరువు తగ్గుతుంది, చోటు మిగులుతుంది, ఎలక్ట్రిక్ బండిలో బ్యాటరీకి ఆ చోటు పనికొస్తుంది. షోరూంలో ఏసీ కింద కూర్చుని వింటే ఇది చాలా సబబుగా ఉంటుంది.

సీసా మీద తేదీ చూడండి, అన్నిటికంటే ముందు. ఈ ద్రవం నాలుగైదేళ్లకు మించి నిలవదు, తర్వాత లోపలే గడ్డకడుతుంది. మీది ఇంకా ఏడాది ఉంది. సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు ఇంజిన్ చప్పుడు చెవి పెట్టి వినేవాళ్లున్నారు, ఈ సీసా తీసి చూసినవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు.

ఫోను లైటు వేసి టైరు చుట్టూ వెతుకుతారు. కనిపించదు. బండి కొంచెం ముందుకు జరిపి మళ్లీ వంగితే దొరుకుతుంది: నేలకు ఆనే భాగంలో, నడి గాడిలో, మెరుస్తున్న మేకు తల. పక్కనే సన్నగా ‘స్స్స్’. వేళ్లు దాని మీదికి పోతాయి. పీకొద్దు! ఇప్పుడు ఆ రంధ్రానికి బిరడా ఆ మేకే. ఈ మందు మూయగలిగేది సుమారు 6 మిల్లీమీటర్ల లోపు చిల్లిని, అదీ నేలకు ఆనే చోట ఉంటేనే. టైరు పక్కన చీలితే, గుంతలో పడి రిమ్ము వంగితే, సీసాను చేతిలో పట్టుకుని టో బండి కోసం చూడ్డమే. సిగ్నల్ ఉంటే.

ఓ బొలెరో ఆగుతుంది. డ్రైవరు దిగి వస్తాడు.

“పంచరా సార్? స్టెప్నీ తీయుండ్రి, జాకీ నేను ఎక్కిస్త.”

“స్టెప్నీ లేదు తమ్ముడూ. ఇది ఉంది.”

“గీ సీసానా?” అని మీకేసి జాలిగా చూస్తాడు. కానీ వెళ్లిపోడు, పక్కనే గొంతుక్కూర్చుంటాడు.

సీసాను బాగా కుదిపి కంప్రెసరుకు తలకిందులుగా బిగిస్తారు. వాల్వు మూత తీసి జేబులో వేసుకుని, గొట్టం మర తిప్పుతారు. కారు చార్జరు గుచ్చే సాకెట్‌లో వైరు గుచ్చి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి, స్విచ్ నొక్కుతారు. డబ్బా కటకటలాడుతూ నేల మీద ఊగుతుంది. ముల్లు ఒక్కసారిగా 70 దాటుతుంది. “పేలుతది సార్!” అని బొలెరో తమ్ముడు లేచి నిలబడతాడు. పేలదు. అది టైరులోని గాలి కాదు, చిక్కటి ద్రవం వాల్వు సందులోంచి దూరలేక దూరుతున్న ఒత్తిడి. అర నిమిషంలో సీసా ఖాళీ అవుతుంది, ముల్లు పదికి పడిపోతుంది. అసలు లెక్క ఇక్కడి నుంచి. 12... 15... 19. మేకు చుట్టూ జిల్లేడు పాలలా తెల్లగా ఊరుతుంది, ముక్కుకు అమ్మోనియా ఘాటు తగులుతుంది. ఊరడం మంచిదే. మందులో ఉన్నది రబ్బరు పాలు, గడ్డకట్టకుండా గ్లైకాల్, సన్నటి పీచు. గాలి చిల్లిలోంచి బయటికి తోసుకుపోతూ వాటిని కూడా లాక్కుపోతుంది, అవి ఆ ఇరుకులో ఒకదానికొకటి అడ్డంపడి గట్టిపడతాయి. పది నిమిషాల్లో 20 కూడా దాటకపోతే చిల్లి పెద్దదని అర్థం, కంప్రెసరు కూడా కాలిపోతుంది, ఆపేయాలి. మీది ఎనిమిదో నిమిషానికి 33.

అమ్మయ్య అని నీళ్లు తాగుతూ నిలబడే వేళ కాదిది. వెంటనే కదలాలి. చక్రం తిరిగితేనే అడుగున చేరిన మందు చుట్టూ పరుచుకుని చిల్లిని చేరుతుంది. 80 దాటొద్దని స్టీరింగు దగ్గర అంటించుకునే స్టిక్కరు ఇచ్చారు, ఈ మలుపుల్లో 40 దాటేది ఎవరు గనక! కొద్ది కిలోమీటర్ల తర్వాత మళ్లీ ఆపి గాలి చూస్తారు: 30. కొంచెం కొడితే సరిపోతుంది. ఇక్కడ 19 కంటే తక్కువ చూపించి ఉంటే ప్రయాణం అక్కడితో సరి. బొలెరో మీ వెనకే, లైట్లు వేసుకుని, మన్ననూరు గేటు దాకా.

పంచరు షాపతను చక్రం విప్పి, టైరు అంచు రిమ్ము నుంచి ఊడదీయగానే తెల్లటి మడుగు కాళ్ల మీద పడుతుంది.

“ముందుగాల చెప్పొద్దా సార్? ఏం పోసిండ్రు ఇందుల?”

అతని విసుగులో న్యాయముంది. మామూలుగా అయితే బయటి నుంచే సూదితో స్ట్రిప్ గుచ్చి ఐదు నిమిషాల్లో పంపేవాడు. ఈ తడికి స్ట్రిప్ సరిగా పట్టదు. లోపలంతా నీళ్లతో కడిగి, తుడిచి, ఆరబెట్టి, గీకి, లోపలి నుంచి ప్యాచ్ వేయాలి. రిమ్ములో ఉన్న సెన్సారును కూడా తుడవాలి. కూలి మూడింతలు అడుగుతాడు, ఇవ్వండి.

నన్నడిగితే, ఊళ్లో ఆఫీసుకూ బడికీ తిరిగే బండికి ఈ సీసా చాలు; వానలో నడిరోడ్డు మీద జాకీ ఎక్కించే బాధ తప్పుతుంది. శ్రీశైలం, మారేడుమిల్లి దారులు తొక్కేవాళ్లు మాత్రం డిక్కీలో రెండు సూట్‌కేసులు తగ్గినా సరే, తమ బండికి సరిపోయే చక్రం, జాకీ, పానా కొని పెట్టుకోవాలి.

షాపతను చక్రం బిగించి, ఖాళీ సీసాను చేతిలో అటూ ఇటూ తిప్పి చూస్తాడు.

“ఇది మల్ల నింపుకోవచ్చా?”

“లేదు, ఒక్కసారికే. కొత్తది కొనాలి.”

“మరి హైదరాబాద్ దాక ఇంకో మేకు దిగితే?”

“డిండి, ఆమనగల్లు, కడ్తాల్... దారి పొడుగునా మీలాంటి షాపులున్నాయి కదా!”

“రాత్రి తొమ్మిదైనంక ఎవడు తెరుస్తడు సార్?” అంటూ డబ్బులు లెక్కపెట్టుకుని, గోడకు రాసిన తన ఫోను నంబరు చూపిస్తాడు.