బూడిద రంగు మూత, కప్ప గుండె, కాల్షియం లెక్క

షుగర్ పరీక్షకు నెత్తురు పట్టే సీసాకు బూడిద రంగు మూత ఉంటుంది. లోపల కొద్దిగా తెల్లపొడి. ఆ పొడిలో అసలు సరుకు సోడియం ఫ్లోరైడ్! సీసాలో పడ్డాక కూడా నెత్తురు కణాలు చక్కెరను తింటూనే ఉంటాయి. వాటిని ఆపడానికి ఫ్లోరైడ్ వేస్తారు. నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు వైపు తరాలకు తరాల నడుములు వంచిన పదార్థమే, అదే జిల్లాలోని కేతేపల్లిలో ఎవరైనా షుగర్ చూపించుకుంటే ఆ లెక్క చెడకుండా కాపలా కాస్తుంది. ఈ సంగతి తెలిశాక నాకు నిద్ర పట్టలేదంటే అతిశయోక్తే కానీ, ఊరికే కూర్చోబుద్ధి మాత్రం కాలేదు.

ఆ సీసాలో నెత్తురు కాల్షియం పరీక్షకు పనికిరాదు. ఫ్లోరైడ్‌కు తోడు చాలా సీసాల్లో ఆక్సలేట్ కూడా ఉంటుంది. అది కాల్షియాన్ని పట్టి కిందికి దించేస్తుంది. కణాల లెక్కకు వాడే ఊదా మూత సీసాలో ఈడీటీఏ చేసేదీ కాల్షియాన్ని కట్టేసే పనే. ఆ నెత్తురు పొరపాటున కలిసిందా, రిపోర్టులో కాల్షియం అడుగంటి, పొటాషియం ఆకాశాన్ని అంటుతుంది. అందుకే “గిన్ని సీసలెందుకు బిడ్డా, ఒక్కదాంట్ల తీయరాదె” అని పెద్దమనిషి అడిగినా, ఎర్ర మూతదో పసుపు మూతదో మరొకటి తీయక తప్పదు.

గుండెకు కాల్షియం ఎందుకో లోకానికి తెలిసింది ఒక పొరపాటు వల్ల. 1880ల మొదట్లో లండన్‌లో సిడ్నీ రింగర్ కప్ప గుండెను ఉప్పునీళ్లలో కొట్టుకునేలా చేశాడు. తర్వాత తేలిందేమంటే, ఆ ద్రావణాన్ని శుద్ధజలంతో కాక కుళాయి నీళ్లతో కలిపారు. శుద్ధజలం వాడితే గుండె కాసేపటికే నీరసించింది. కుళాయి నీటిలోని సున్నపు అంశమే దాన్ని ఆడించిందని 1883లో రాశాడు. మన ఆర్‌ఎంపీలు ఎక్కించే ఆర్‌ఎల్ సెలైన్‌లో ఆ ‘ఆర్’ ఈయనే.

తర్వాత కొన్ని దశాబ్దాలు గబగబా దాటేద్దాం. 1921లో క్రేమర్, టిస్‌డాల్ సీరంలోని కాల్షియాన్ని ఆక్సలేట్‌తో ముద్దగా దించి, కడిగి, ఆమ్లంలో కరిగించి, పర్మాంగనేట్ చుక్కలు వేస్తూ గులాబీ రంగు నిలిచే ఘడియ కోసం కాచుకునే పద్ధతి చెప్పారు. 1925లో క్లార్క్, కాలిప్ దాన్ని సవరించారు.

నాకు ఇష్టమైన కాలం ఇదే. అదే 1925లో, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్ పరీక్షను ప్రకటించాడు. మాలిబ్డేట్ కలిపితే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కనైతే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. ఎముకలో కాల్షియం ఉన్న చోటల్లా ఫాస్ఫరస్ ఉంటుంది కాబట్టి వైద్యుడికి రెండు లెక్కలూ కలిపి చూస్తేనే అర్థం. రాత్రుళ్లు ఆసుపత్రిలో కూలిపని చేస్తూ చదివిన తెలుగువాడి పేరు ప్రపంచంలోని ప్రయోగశాలలన్నీ దశాబ్దాల పాటు పలికాయి. ఇప్పుడు మనవాళ్ల ల్యాబుల్లో ఆ పేరు తెలిసినవాళ్లు ఎంతమంది?

1934లో షికాగోలో మెక్లీన్, హేస్టింగ్స్ ఇంకో అడుగు వేశారు. నెత్తురులో కాల్షియం మొత్తం ఒకటే కాదు. సుమారు సగం స్వేచ్ఛగా తిరుగుతూ పనిచేస్తుంది, మిగతాదాంట్లో ఎక్కువ భాగం ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌ను అంటిపెట్టుకుని ఉంటుంది. ఆ స్వేచ్ఛా భాగాన్ని కొలవడానికి అప్పట్లో యంత్రం లేదు. కప్ప గుండెనే మీటరుగా పెట్టారు! తెలిసిన ద్రావణంలో అది ఎంత ఎత్తున ఎగిసిందో, రోగి సీరంలో ఎంత ఎగిసిందో పోల్చి లెక్క కట్టారు. ఇవాళ ఆ పని ఎలక్ట్రోడ్ నిమిషంలో చేస్తుంది. మంచిదే. కానీ అప్పటి మనిషికి కాల్షియం అంటే ఏమిటో కళ్లముందు కొట్టుకుంటూ కనిపించేది. ఇప్పటి మనకు మిగిలింది అంకె పక్కన ‘ఎల్’ అన్న అక్షరం, దానితోపాటు భయం.

ఈ లెక్కను కాపాడే పారాథైరాయిడ్ గ్రంథులను మొదట చూసింది కూడా మనిషిలో కాదు. లండన్ జూలో చనిపోయిన భారతీయ ఖడ్గమృగాన్ని 1850 ప్రాంతంలో కోసినప్పుడు రిచర్డ్ ఓవెన్ కంటబడ్డాయి.

ఇక మన గడ్డ సంగతి. నీటిలోని ఫ్లోరైడ్ తెచ్చే ఫ్లోరోసిస్ మన దేశంలో మొదట 1937లో అప్పటి నెల్లూరు జిల్లా నుంచి వైద్యపత్రికకెక్కింది. నల్లగొండ గురించి 1955లో సిద్ధిఖీ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి, మోకాళ్లు లోపలికి వంగి ఒరుసుకునే కొత్త అవిటితనాన్ని లాన్సెట్‌లో వివరించారు. నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నంతో ఫ్లోరైడ్ దించే పద్ధతికి మన జిల్లా పేరే పెట్టింది. ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీటిలో సాధారణంగా కాల్షియం తక్కువ. కాల్షియం దండిగా ఉంటే ఫ్లోరైడ్‌ను పట్టుకుని రాయిగా దిగిపోయేది. లండన్ నీళ్లు కప్ప గుండెను ఆడించాయి, మన నీళ్లు మనుషుల్ని కదలకుండా చేశాయి.

విచిత్రం ఏమంటే, ఇంత జరిగినా ఫ్లోరోసిస్ రోగుల్లో చాలామందికి నెత్తురులో కాల్షియం మామూలుగానే ఉంటుంది. ఒంట్లో కాల్షియం 99 శాతం ఎముకల్లోనే ఉంది. నెత్తురులో తగ్గగానే పారాథైరాయిడ్ ఎముకను కరిగించి సర్దుతుంది. గరిసె అడుగంటుతున్నా పొయ్యి మీది కుండ నిండుగా కనిపించినట్టు.

రిపోర్టు చూసుకునేవాళ్లకు రెండు ముక్కలు. మొత్తం కాల్షియం 100 మిల్లీలీటర్లకు దాదాపు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాములు ఉండాలి. ల్యాబును బట్టి కొంచెం అటూ ఇటూ. తక్కువ వస్తే ముందు ఆల్బుమిన్ చూడండి, అది ఒక గ్రాము తగ్గితే కాల్షియం అంకె సుమారు 0.8 తగ్గుతుంది. రోగం లేకుండానే ‘తక్కువ’ అని రావచ్చు. అంకె చూసి మీ అంతట మీరే మాత్రలు కొనుక్కోకండి. ఫ్లోరైడ్ ఊళ్లో పెరిగి నడుము పట్టేసినవాళ్లు మాత్రం ‘కాల్షియం నార్మల్’ అనగానే లేచి రావద్దు. ముంజేతి ఎక్స్‌రే, విటమిన్ డి, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోన్) పరీక్షలు అవసరమేమో అడగండి. చిన్నప్పుడు ఏ బోరు నీళ్లు తాగారో డాక్టరు అడగకపోయినా చెప్పండి.