పులుల అభయారణ్యం కంటే పాత ఊళ్లు

నార్కట్‌పల్లి నుంచి నల్లగొండ, దేవరకొండ, డిండి మీదుగా శ్రీశైలం దారి పడితే మన్ననూరు దగ్గర అటవీ శాఖ గేటు వస్తుంది. రాత్రి తొమ్మిదికి మూస్తే తెల్లవారి ఆరింటికి గానీ తెరవరు. ఆ గేటు దాటాక పైకెక్కేది అమ్రాబాద్ పీఠభూమి. దక్షిణాన కృష్ణ లోతైన లోయలో పారుతుంది. పైన నల్లమద్ది, తునికి, ఇప్ప చెట్ల అడవి. అందులోనే, లింగాల మండలంలో, అప్పాపూర్ అనే పెంట, అంటే చెంచు గిరిజనుల ఆవాసం, ఉంది. మైదానంలో ఊరంటే చెరువు, పొలాలు, తాటిచెట్లు, వాడలు. ఆ కొలతతో చూస్తే అప్పాపూర్ నాలుగు గుడిసెల మజిలీలా కనిపిస్తుంది. అక్కడివాళ్లను అడవి మధ్యకు వచ్చి చేరిన జనంగా లెక్కగట్టడం ఈ పొరపాటు నుంచే మొదలైంది. పెంట పొలిమేర గుడిసెల దగ్గర ఆగదు. గడ్డలు తవ్వే వాలు, నీటి చెలమ, తేనె పట్టే కొండచరియ దాకా పోతుంది.

దీనికి లిఖిత సాక్ష్యం ఉంది. వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1939లో యుద్ధం మొదలయ్యేసరికి జర్మన్ పాస్‌పోర్టుతో ఇక్కడ చిక్కుకున్నారు. శత్రుదేశస్థుడిగా లెక్కించి ఆయన్ను హైదరాబాద్ రాజ్యం దాటి పోనివ్వలేదు. 1940లో ఆయన ఈ పీఠభూమి మీద చెంచుల మధ్య ఉండి రాసిన పుస్తకం 1943లో వచ్చింది. అప్పాపూర్, రాంపూర్, ఈర్లపెంట పేర్లు అందులో ఉన్నాయి. ఒక్కో గుంపుకు తనదైన అడవి ముక్క ఉండేదని, రుతువును బట్టి ఆ ముక్కలోనే మకాం మార్చుకునేవారని ఆయన గమనించారు. నిజాం ప్రభుత్వం ఆ తర్వాత సుమారు లక్ష ఎకరాలను చెంచుల కోసం కేటాయించింది. ఈ అడవికి అభయారణ్యం ప్రకటన వచ్చింది 1978లో, పులుల ప్రాజెక్టు 1983లో. ఎవరి తర్వాత ఎవరు వచ్చారో ఈ తేదీలే చెబుతాయి.

తేనె తీయడం చూస్తే ఆ అడవికీ ఆ మనుషులకూ ఉన్న లెక్క అర్థమవుతుంది. కొండచరియ అంచు నుంచి తాడు పట్టుకుని ఒకడు పట్టు దాకా దిగుతాడు. పైన ఆ తాడుకు కాపలా అతని బావమరిది. అక్కాచెల్లెళ్ల పసుపు కుంకుమలు కోరేవాడు తాడు వదలడన్నది వాళ్ల నమ్మకం. పట్టు ఎక్కడ కడుతుందో, ఎప్పుడు దిగాలో తరాలుగా తెలిసినవారికే ఆ పని సాధ్యం. వాళ్లను తరలించి కొత్త కాలనీలో పక్కా ఇల్లు ఇవ్వవచ్చు గానీ ఆ చరియను ఇవ్వలేం.

చెంచులను అక్కడే ఉండనివ్వాలంటే, పులి బతకాలంటే మనిషి అలికిడి ఉండకూడదన్నది మొదటి అభ్యంతరం. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. కానీ కర్ణాటకలోని బిళిగిరి రంగన కొండల్లో 2011లో సోలిగ గిరిజనులకు అటవీ హక్కులు గుర్తించారు. ఆ తర్వాత తొలి ఏళ్లలో అక్కడ పులులు తగ్గలేదు, పెరిగాయి. ఇక్కడైతే అమ్రాబాద్ అడవిలో యురేనియం సర్వేకు 2019లో కేంద్ర అటవీ సలహా సంఘం ప్రాథమికంగా తలూపింది. చెంచులు, వారికి తోడుగా పాలమూరు, నల్లగొండ జనం లేచాకే ఆ సెప్టెంబరులో శాసనసభ వ్యతిరేక తీర్మానం చేసింది. అడవికి ప్రమాదం తేనెపట్టు దగ్గర నుంచి రాలేదు.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది: ఆసుపత్రి లేక, బడి సరిగా లేక పిల్లల్ని అక్కడే ఉంచడం న్యాయమా? కాదు. బయటికి పోదామనుకునే కుటుంబాలున్నాయి. వాళ్లకు 2021లో పెంచిన 15 లక్షల రూపాయల పునరావాస ప్యాకేజీ చివరి పైసా దాకా అందాలి, భూమి కోరితే సాగుకు పనికొచ్చే భూమే ఇవ్వాలి. కానీ వైద్యం, చదువు పౌరుడిగా రావలసినవి. ఊరు ఖాళీ చేస్తేనే అంబులెన్సు వస్తుందంటే అది సమ్మతి అనిపించుకోదు, ఒత్తిడి అవుతుంది.

2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభ స్వేచ్ఛాయుత సమ్మతి లేకుండా తరలించవద్దంటోంది. జాతీయ పులుల సంరక్షణ సంస్థ 2024 జూన్‌లో తరలింపుల కాలపట్టిక ఇవ్వమని రాష్ట్రాలను అడిగింది. ఆ పట్టికలో అప్పాపూర్ పేరు ఎక్కించే ముందు అప్పాపూర్ గ్రామసభను కూర్చోబెట్టాలి, వద్దంటే అక్కడితో ఆపాలి.